చెరువు బురద విషయంలో వినకూడని అయిదు సలహాలు

హైదరాబాద్‌లో మాదాపూర్ కేబుల్ బ్రిడ్జి మీద నుంచి చూస్తే దుర్గం చెరువు నీళ్లు కనిపిస్తాయి, అడుగున బురద కనిపించదు. ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువది. ఇళ్ల మురుగు, రోడ్డు మీది నూనె, డీజిల్ మసి వానతో కొట్టుకొచ్చి చేరేది ఇలాంటి చెరువుల్లోకే. వాటిలో ఏ రసాయనం మట్టిని పట్టుకుంటుంది, ఏది నీళ్లతో పోతుంది అన్నది ముందే అంచనా కట్టవచ్చు. ఆ అంచనాను పాడుచేసే సలహాలివి.

1. "నీళ్లు బాగుంటే చెరువు బాగున్నట్టే."

కాదు. నూనెలో కరిగే రసాయనాలు నీళ్లలో నిలవవు, బురదకు అంటుకుంటాయి. నీటి నమూనాలో ఏమీ దొరకలేదంటే రసాయనమంతా అడుగున ఉండి ఉండవచ్చు.

2. "రసాయనం సంగతి తెలిస్తే చాలు, మట్టితో పనేముంది?"

అసలు పని మట్టితోనే. నూనెకు బదులుగా ల్యాబ్‌లో వాడే ద్రవం ఆక్టనాల్. ఆక్టనాల్‌కూ నీటికీ మధ్య రసాయనం పంచుకునే నిష్పత్తిని 0.63తో గుణిస్తే, మట్టిలోని సేంద్రియ కర్బనం దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో తెలుస్తుందని 1979లో కారిక్‌హాఫ్ అనే శాస్త్రవేత్త బృందం చెప్పింది. బీరువాలో వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీన్‌కు ఆ లెక్క సుమారు 1,260 వస్తుంది. మొత్తం మట్టికి ఎంత అంటుతుందో చెప్పే అంకె కావాలంటే దాన్ని మట్టిలోని కర్బనం వాటాతో మళ్లీ గుణించాలి. 0.3 శాతం కర్బనమున్న ఎర్రమట్టికి 4 లోపు, 3 శాతమున్న బురదకు 38 దాకా వస్తుంది. రసాయనం ఒకటే, తేడా పది రెట్లు. అందుకే భూసార పరీక్ష చేయించకుండా లెక్క మొదలుపెట్టకండి.

3. "ఈ సూత్రం దేనికైనా పనికొస్తుంది."

చాలా మందులకు పనికిరాదు. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. పై సూత్రం ప్రకారం ఈ మందు మట్టికి దాదాపు అంటకూడదు. కొలిచి చూస్తే, మట్టికి ఎంత అంటుతుందో చెప్పే ఆ అంకె వందల్లో ఉంటుంది. దాని అణువు మీద విద్యుదావేశం ఉంటుంది కాబట్టి బంకమట్టి, లోహాలు దాన్ని పట్టేస్తాయి. ఆక్టనాల్‌కు ఆ సంగతి తెలియదు.

4. "మోడల్ స్కోరు బాగుంది, ఇక కొలవనక్కర్లేదు."

ఈ అంకెలను అంచనా కట్టే కంప్యూటర్ మోడళ్లకు గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో కోడ్ రాసే మిత్రులకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. మోడళ్లలో ఈ అంకెలు సాధారణంగా లాగరిథమ్‌లో ఉంటాయి. అక్కడ 1 తప్పితే బయట పది రెట్లు తప్పినట్టే. పైగా మసి ఉన్న బురద, డీజిల్ పొగలోని రసాయనాలను సూత్రం చెప్పినదానికంటే పది నుంచి వంద రెట్లు ఎక్కువ పట్టుకోగలదు. మీ మోడల్ ఏ మట్టి మీద నేర్చుకుందో ముందు అడగండి.

5. "చెరువు మట్టి బలమే కదా, తోటలో వేసేయండి."

పల్లె చెరువుకు ఈ మాట నిజం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రైతులు పూడిక మట్టిని పొలాలకు తోలుకున్నది అందుకే. నగరం మురుగు తాగిన చెరువుకు ఇది వర్తించదు. పట్టుకున్న రసాయనం శాశ్వతంగా అక్కడే ఉండిపోదు. పూడిక తవ్వి కలబెడితే కొంత మళ్లీ నీళ్లలోకి వస్తుంది. తోటలో వేస్తే మట్టితోపాటే వస్తుంది.

మీ కాలనీ చెరువు బాగుచేస్తున్నారంటే సంఘం తరఫున ఒక్క మాట అడగండి: నీళ్ల సీసాతోపాటు బురద నమూనా కూడా ల్యాబ్‌కు పంపమని, ఆ ఫలితం వచ్చేదాకా లారీ కదలనివ్వద్దని.