కేపీ ఉల్లి చేసిన దేశద్రోహం

క్యూబా మీద అమెరికా 1962లో వాణిజ్య దిగ్బంధం పెట్టింది. దాంతో కూలిపోతాడనుకున్న క్యాస్ట్రో ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఏలాడు. తొంభై నిండాక 2016లో పోయాడు. సరుకుల కోసం వరసల్లో నిలబడింది జనం. ఆంక్షల దెబ్బ ఏలేవాడికా, ఏలబడేవాడికా అని పండితులు ఇంకా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. వాళ్లని ఒకసారి కర్నూలు మార్కెట్ యార్డుకు రమ్మనండి. మా మీద ఆంక్షలు పెట్టడానికి శత్రుదేశం అక్కర్లేదు. ఆ పని ఢిల్లీయే చేసిపెడుతుంది. ఆత్మనిర్భరత అంటే ఇదే కాబోలు!

కర్నూలు ఎర్రగడ్డ, అంటే మా ఉల్లి, వానాకాలం పంట. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా గడ్డ పీకుతారు. నీరెక్కువ గడ్డ ఇది, నాసిక్ యాసంగి గడ్డలా నెలల తరబడి నిలవ ఉండదు. వచ్చిన ధరకు అమ్ముకోవాలి, లేదా కుళ్లబెట్టుకోవాలి. ఢిల్లీవారికి మా సేద్యం తెలీదని నిందించేవాళ్లున్నారు. అపచారం! 2019లో ఎగుమతి నిషేధం సెప్టెంబరు 29న వచ్చింది. 2020లో సెప్టెంబరు 14న. 2023లో ఆగస్టు 19న 40 శాతం సుంకం, డిసెంబరులో ఏకంగా నిషేధం. పురోహితుడు పెట్టిన ముహూర్తమైనా ఇంత కచ్చితంగా కుదరదు. తలుపు తెరిచేది మాత్రం మా కల్లాలు ఖాళీ అయ్యాకే. 2024లో మే 4న తెరిచారు. మహారాష్ట్ర ఉల్లి జిల్లాల్లో పోలింగ్ ఇంకా మిగిలే ఉంది మరి.

ఉల్లి ధర పెరుగుతుందంటే ఢిల్లీకి పుట్టే భయం వెనక ఒక చరిత్ర ఉంది. 1998లో ఉల్లి ధర దెబ్బకు ఢిల్లీలో సుష్మా స్వరాజ్ ప్రభుత్వం ఓడింది. అప్పటినుంచి ఏ పార్టీ గద్దె మీదున్నా లెక్క ఒకటే: ధర పెరిగితే ప్రభుత్వం పడిపోతుంది, ధర పడిపోతే రైతు పడిపోతాడు. రైతు పడితే చప్పుడు కోడుమూరు దాటదు. 2019 డిసెంబరులో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభలో, తాను ఉల్లి, వెల్లుల్లి అంతగా వాడని కుటుంబం నుంచి వచ్చానన్నారు. సంతోషం. మేం తింటాం, పండిస్తాం కూడా. అంతకు రెండు నెలల ముందే ఢిల్లీకొచ్చిన బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ఉల్లి వేయకుండా వండమని వంటమనిషికి చెప్పానని, ఆపేముందు కాస్త కబురు పెట్టాల్సిందని నవ్వుతూనే చురక అంటించారు. పరాయి ప్రధానికే అందని కబురు గోనెగండ్ల రైతుకు అందుతుందా?

కడప వాళ్ల కథ ఇంకా ఘాటు. మైదుకూరు వైపు పండే కృష్ణాపురం ఉల్లిని కేపీ ఉల్లి అంటారు. చిన్న గడ్డ, మంట ఎక్కువ. మన వంటింట్లో దానికి చోటు లేదు. సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్, శ్రీలంక వాళ్లు ఇష్టంగా తింటారు. 2020 సెప్టెంబరు ఉత్తర్వు దాన్నీ వదల్లేదు. ఢిల్లీ ఇల్లాలికి ఉల్లి చవగ్గా దొరకాలని, ఆ ఇల్లాలు పుట్టి బుద్ధెరిగాక కోయని గడ్డను ఓడెక్కకుండా ఆపారు! అక్టోబరులో దయ కలిగి 10 వేల టన్నులు పంపుకోమన్నారు. అదీ చెన్నై రేవు నుంచే పంపాలి, పైగా అది కేపీ ఉల్లేనని ఉద్యాన శాఖ అధికారి ధ్రువీకరించాలి. కోసినవాడి కళ్లే సాక్ష్యం చెప్పే సరుక్కి కాగితం ఎందుకో! నిజానికి కాగితం కంటే రంగు మేలు. 2024 ఏప్రిల్‌లో దేశమంతా నిషేధం నడుస్తుండగానే గుజరాత్ తెల్ల ఉల్లికి 2 వేల టన్నుల దారి దొరికింది. తెలుపు శాంతికి గుర్తు కదా.

కిలో వంద దాటితే పట్నం కూలీ ఎలా కొంటాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాడికి రాయితీ ఇవ్వండి, ఖజానా నుంచి ఇవ్వండి. పత్తికొండ రైతు జేబును ఖజానా అనుకోవడం దగ్గరే పేచీ.

నిషేధం పోయినా మిగిలిన ఎగుమతి సుంకాన్ని చివరికి 2025 ఏప్రిల్ 1న పూర్తిగా ఎత్తేశారు. రేవు తెరిచారు, కొనేవాడే కరవయ్యాడు. మనం తలుపేసినప్పుడల్లా ఇబ్బందిపడ్డ బంగ్లాదేశ్ సొంత సాగు పెంచుకుని, తన రైతు కోసం దిగుమతులు బిగించింది. ఆ ఏడు కర్నూలు యార్డులో ధర కుప్పకూలింది. మార్క్‌ఫెడ్ క్వింటా 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం హెక్టారుకు 50 వేలు ప్రకటించింది. పీకుడు కూలి కూడా రాదనుకున్నవాళ్లు చేన్లోకి గొర్రెలను తోలారు. వాటికి విదేశీ వాణిజ్య విధానం వర్తించదు.

ఢిల్లీకి మాదొక మనవి. ఈసారి తలుపు మూసే ఉద్దేశముంటే మే నెలలోనే, విత్తనం కొనకముందే చెప్పేయండి. ఆముదాలు వేసుకుంటాం. ఆముదం ధర పెరిగి ఢిల్లీలో ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పడిపోలేదు.