‘వారె వారు’: ఒక ఫుట్‌బాల్ అభిమాని పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

అమెరికాలో ఒహాయో రాష్ట్రానికి రాజధాని కొలంబస్. అక్కడ 2024 నవంబరు 30, శనివారం మధ్యాహ్నం ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టుకూ మిషిగన్ యూనివర్సిటీ జట్టుకూ ఫుట్‌బాల్ పోరు. ఈ వైరం 1897 నాటిది. ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే గుండ్రటి బంతి గుర్తుకు రాకూడదు. ఇది కోలబంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుంటూ గజం గజం నేల గెలుచుకునే ఆట. ఆడేవారు కాలేజీ కుర్రాళ్ళు. చూసేవారికోసం 1922లో గుర్రపు నాడా ఆకారంలో కట్టిన స్టేడియంలో ఇప్పుడు 1,02,780 సీట్లు.

ఆట ముందురోజు రాత్రి ఒహాయో స్టేట్ అభిమాని ఒకడు తేటగీతిలో ఇలా వాపోయాడు:

చేతిలో నున్న గెలుపని చెప్పలేము
ఓడుదుమనిన నోరది యూరుకోదు
వారు బలహీనులే గాని వారె వారు
పోయి చూతము చలికోటు పొరలు దొడిగి

కవి పేరు తెలియదు. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడిన తెలుగువాడై ఉండాలి. అక్కడే పుట్టినవాడు కోటు సంగతి పద్యంలోకి ఎక్కించడు.

ప్రతిపదార్థం

చేతిలోన్ + ఉన్న గెలుపు + అని = విజయం ఖాయమని; చెప్పలేము = పలకడానికి సాహసించము; ఓడుదుము + అనిన = ఓడిపోతామని ఎవరైనా అంటే; నోరు + అది = మన నోరు; ఊరుకోదు = తిట్టక మానదు; వారు = ఆ జట్టువారు; బలహీనులే కాని = ఈ ఏడు బలం తగ్గినవారే అయినా; వారె వారు = (దీని సంగతి కింద చూడండి); చలికోటు పొరలు = ఒకదానిమీద ఒకటిగా కోట్లు; తొడిగి = వేసుకుని; పోయి చూతము = వెళ్ళి చూద్దాం.

మొదటి పాదం చివరి ‘లేము’కూ రెండో పాదం మొదటి ‘ఓడుదుము’కూ మధ్య సంధి చేయలేదని లాక్షణికులు ఆక్షేపిస్తారు. అభిమాని మనసులోనూ ఆ రెండింటికీ సంధి కుదరదు. కనుక దోషం కాదు.

తాత్పర్యం

మేమే బలవంతులం. అయినా భయంగా ఉంది. భయంగా ఉందని ఇంకెవరైనా అంటే ఊరుకోము.

శంకాసమాధానాలు

శంక: ప్రత్యర్థి పేరు చెప్పకుండా ‘వారు’ అననేల? 
సమాధానం: ఇది ఆచారం. 1951 నుంచి 1978 దాకా ఒహాయో స్టేట్ కోచ్‌గా ఉన్న వుడీ హేస్ ఆ పేరు పలకడానికి ఇష్టపడక ‘ఉత్తరాన ఉన్న ఆ జట్టు’ అనేవాడు. నేటికీ ఈ ఆట జరిగే వారమంతా యూనివర్సిటీ ఆవరణలో బోర్డులమీద ఇంగ్లీషు ‘ఎం’ అక్షరం కనబడ్డచోటల్లా ఎర్ర టేపుతో కొట్టేస్తారు.

శంక: మరి చెప్పలేము, ఓడుదుము, చూతము అని కవి ఇన్ని మకారాలు వాడాడే? 
సమాధానం: నిషేధం రోమన్ లిపికే. పైగా ఈ ‘ము’ ఉత్తమపురుష బహువచనం, అంటే ‘మనం’. ఏనాడూ బంతి ముట్టనివాడు ‘మనం ఓడుతాం’ అనవచ్చునా అన్నది అసలు ప్రశ్న. దాన్ని సిద్ధాంతంలో తేలుస్తాం.

‘వారె వారు’ విచారం

పూర్వపక్షం ఒహాయో స్టేట్ కోచ్ ఫ్రాన్సిస్ ష్మిట్‌ది. మిషిగన్‌వాళ్ళూ అందరిలాగే ప్యాంటు ఒక్కో కాలే తొడుక్కుంటారని 1934లో ఆయన అన్నాడు. అంటే వారూ మనుషులే. ఆ ఏటి నుంచి వరుసగా నాలుగేళ్ళు మిషిగన్‌కు ఒక్క పాయింటు కూడా దక్కలేదు. ఆ మాట గుర్తుగా, మిషిగన్‌ను ఓడించిన ప్రతిసారీ ఒహాయో స్టేట్ ఆటగాళ్ళకు చిన్న బంగారు ప్యాంటు బిళ్ళ ఇస్తారు.

2024లో లెక్కలు కూడా ష్మిట్ పక్షమే. ఒహాయో స్టేట్ పది గెలిచి, ఒకటే ఓడి, దేశంలో రెండో ర్యాంకులో ఉంది. మిషిగన్ ఆరు గెలిచి అయిదు ఓడింది; ర్యాంకే లేదు. ముందటేడు జాతీయ ఛాంపియన్‌గా నిలిపిన కోచ్ జిమ్ హార్బా ప్రొఫెషనల్ జట్టుకు వెళ్ళిపోయాడు. పందేల రాయుళ్ళు ఒహాయో స్టేట్ సుమారు ఇరవై పాయింట్ల తేడాతో గెలుస్తుందన్నారు.

ఇన్ని ఉండగా కవి ‘వారె వారు’ అన్నాడు. వారిని పోల్చడానికి వారే తప్ప మరొకరు లేరని చెప్పడం అనన్వయాలంకారం. దాని వెనుక మరో రెండు అలంకారాలు పొంచి ఉన్నాయి.

కారణాలన్నీ ఉండి కార్యం జరగకపోతే విశేషోక్తి. 1969లో వరుసగా 22 ఆటలు గెలిచి వచ్చిన ఒహాయో స్టేట్, వుడీ హేస్ దగ్గరే పని నేర్చిన మిషిగన్ కోచ్ బో షెంబెక్లర్ చేతిలో 24-12తో ఓడింది. 1995లో పదకొండుకు పదకొండూ గెలిచి వచ్చి 31-23తో ఓడింది. 1996లో పదికి పదీ గెలిచి, సొంత గడ్డమీదే 13-9తో ఓడింది. అప్పటి కోచ్ జాన్ కూపర్ పదమూడేళ్ళలో మిషిగన్‌పై రెండే గెలిచి, పది ఓడి, ఒకటి సమం చేసుకున్నాడు.

కారణం లేకుండా కార్యం జరిగితే విభావన. దీనికి 1950 నవంబరు నాటి మంచు తుఫాను ఆటను మించిన ఉదాహరణ అలంకారశాస్త్రంలోనే లేదు. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతే ఫస్ట్ డౌన్ అంటారు. అది లేకుండా ఆట సాగదు. ఆ రోజు కొలంబస్‌లో మిషిగన్ ఒక్క ఫస్ట్ డౌన్ కూడా సాధించలేదు. అయినా ఒహాయో స్టేట్ బంతిని దూరంగా తన్నిన పంట్లు రెండింటిని అడ్డుకుని, వాటితోనే తొమ్మిది పాయింట్లు రాబట్టి 9-3తో గెలిచింది. ముందుకు నడవకుండా గమ్యం చేరినవాణ్ణి చూసి భయపడకపోతే ఎవణ్ణి చూసి భయపడాలి?

సిద్ధాంతం

అయితే ‘వారె వారు’ అన్నది నిజమా? కాలేజీ జట్టు నాలుగైదేళ్ళలో పూర్తిగా మారిపోతుంది. 1996లో గెలిచినవారు నడివయసువారయ్యారు. ఇప్పుడు ఆడేవారిలో అత్యధికులు అప్పటికి పుట్టలేదు. ఒహాయో స్టేట్ 2021 నుంచి వరుసగా మూడుసార్లు మిషిగన్ చేతిలో ఓడిందని అభిమాని కుమిలిపోతున్నాడు. కానీ 2024లో జట్టును నడిపిన క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ అంతకుముందు కాన్సాస్ స్టేట్‌కు ఆడాడు. ఆ మూడు ఓటముల్లో అతనికి పాత్ర లేదు. ఆ లెక్కన వారు వారు కారు, వీరు వీరూ కారు.

మారనివాడు ఒక్కడే: అభిమాని. కోచ్‌లు వెళ్ళిపోతారు, ఆటగాళ్ళు పట్టా పుచ్చుకుని పోతారు. 1969ని మోసేవాడు గ్యాలరీలో మిగులుతాడు. కొడుకు పుట్టకముందే జరిగిన ఓటమిని కూడా ఆస్తిలాగా కొడుకు పేర రాసిపోతాడు. కనుక ‘మనం’ అనే హక్కు బంతి పట్టినవాడికంటే అతనికే ఎక్కువ. ఉత్తమపురుష సాధువే. ‘వారె వారు’ అన్నచోట ‘మనమె మనము’ అనే ధ్వని వినాలి. అతను ఎదుటి జట్టుకు భయపడటం లేదు, తన జ్ఞాపకానికి భయపడుతున్నాడు. ఆ భయం బలాబలాల పట్టిక చూపిస్తే తగ్గేది కాదు.

పాఠాంతరం

నాలుగో పాదానికి ‘ఇంట కూర్చుండి చూతము హీటరుంచి’ అని ఒక పాఠం కనబడుతుంది. గణాలూ యతీ సరిపోయినా ఇది టిక్కెట్టు దొరకనివారి ప్రక్షిప్తం. ‘పోయి చూతము’ అన్నదే గ్రాహ్యం. ఓడతామని తెలిసీ పోవడంలోనే పద్యానికి ప్రాణం ఉంది.

రసం

పైకి వీరం, లోపల భయానకం. ఆట ముగిశాక ఏది స్థాయి అవుతుందో ఈ పద్యం చెప్పదు. చరిత్ర చెప్పింది. 45 సెకన్లు ఉండగా మిషిగన్ ఫీల్డ్ గోల్ కొట్టి 13-10తో గెలిచింది.

ఆ తర్వాతి సంగతి మరీ విచిత్రం. అదే ఒహాయో స్టేట్ టెనెసీని, ఆరెగన్‌ను, టెక్సస్‌ను ఓడించి, 2025 జనవరి 20న నోటర్ డామ్‌పై 34-23తో గెలిచి జాతీయ ఛాంపియన్ అయింది. దేశమంతటినీ గెలిచిన ఆ జట్టుకు ఆ ఏడు బంగారు ప్యాంటు మాత్రం దక్కలేదు. 2025 నవంబరులో మిషిగన్ గడ్డమీద 27-9తో గెలిచాకే ఆ లోటు తీరింది.

ఫలశ్రుతి

ఆట ముందురోజు దీన్ని మూడుసార్లు చదివినవారి జోస్యం ఎన్నడూ తప్పదు. ఓడితే మొదటి పాదం ఫలిస్తుంది, గెలిస్తే రెండోది. సమం అయితే ఏమిటని అడగనక్కర్లేదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో 1996 నుంచి అదనపు ఆట ఆడించి తేల్చేస్తున్నారు. చలికోటు మాత్రం రెండు ఫలితాలకూ కావలసిందే.