అల్లుడుగారికి ఆశీస్సులతో: నిషేధం తప్పించుకునే కిటుకులు

అల్లుడుగారూ, మీరు నాన్‌స్టిక్ పూతల ఫ్యాక్టరీ పెడుతున్నారని అమ్మాయి ఫోన్లో చెప్పింది. శుభం. ఢిల్లీలో ఫైళ్లు కదిలించేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. కదలకుండా చూసినవాణ్ణి నేను, అదీ కెమికల్ కంపెనీల తరఫున. కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు సరుకు సంగతి. కార్బన్‌కీ ఫ్లోరిన్‌కీ పడిన ముడి అంత తేలిగ్గా విడిపోదు. అందుకే పెనానికి దోసె అంటుకోదు, రెయిన్‌కోటు తడవదు, బర్గర్ చుట్టిన కాగితం నూనె పీల్చదు. అందుకే ఈ పీఫాస్ అనే రసాయనాల జాతి మట్టిలో చివకదు, నీళ్లలో విరగదు. వీటిలో కొన్ని ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి కదలవు. మొదటి సంగతి కరపత్రం మీద వేయించండి. రెండోది బీరువాలో పెట్టండి.

బీరువా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు వ్యాపారం అక్కడే జరుగుతుంది. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర డ్యూపాంట్ వాళ్లు 1951 నుంచి టెఫ్లాన్ తయారీలో సీ8 అనే రసాయనం వాడారు. దానివల్ల జంతువుల కాలేయం పెరుగుతోందని వాళ్ల సొంత శాస్త్రవేత్తలు 1961లోనే రాసుకున్నారు. 1984లో చుట్టుపక్కల కుళాయి నీళ్లు పట్టి తెచ్చి చూసుకుంటే వాటిలోనూ సీ8 ఉంది. ఊళ్లో చెప్పారా? లేదు. క్రమశిక్షణ అంటే అది! చివరికి విల్బర్ టెన్నంట్ అనే రైతు తన ఆవులు చచ్చిపోతున్నాయని వీడియోలు తీసి రాబ్ బిలాట్ అనే లాయరు దగ్గరికి వెళ్లాడు. 1999లో కేసు పడింది, బీరువా తెరవక తప్పలేదు. సుమారు 69,000 మంది పరీక్షకు రక్తం ఇచ్చారు. కిడ్నీ క్యాన్సర్, థైరాయిడ్ సహా ఆరు జబ్బులకూ సీ8కీ సంబంధం ఉండే అవకాశముందని నిపుణులు 2012కల్లా తేల్చారు. అందుచేత స్థలం కొనేముందు పక్క పొలంలో పశువులు లేవని చూసుకోండి. అయినా కంగారు పడకండి. 1961లో తెలిసిన సంగతికి 2017లో 67 కోట్ల డాలర్లు కట్టి రాజీ పడ్డారు. యాభయ్యారేళ్ల వాయిదా ఏ బ్యాంకు ఇస్తుంది చెప్పండి?

రక్తపరీక్షల జోలికి మాత్రం పోవద్దు. 3ఎం కంపెనీలో 1990ల చివర ఈ జాతి రసాయనం లేని రక్తం కోసం వెతికితే బ్లడ్ బ్యాంకుల్లో దొరకలేదట. కొరియా యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరినవాళ్ల దగ్గర తీసి దాచిన రక్తంలో గానీ శుభ్రత కనపడలేదు. కొలవడం వల్ల వచ్చే అనర్థాలు ఇలాగే ఉంటాయి.

ఒకవేళ నిషేధం వచ్చినా మంచిదే, ఒక్కొక్క పేరునే నిషేధిస్తే. స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలోకి 2009లో పీఎఫ్ఓఎస్, 2019లో పీఎఫ్ఓఏ (అదే మన సీ8), 2022లో పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ ఎక్కాయి. ఈ కుటుంబంలో సభ్యులు వేలల్లో ఉన్నారు. ఈ లెక్కన మీ మునిమనవళ్లకు కూడా ఢోకా లేదు. సీ8 పోతూనే దాని చోట జెన్‌ఎక్స్ వచ్చింది. నార్త్ కరోలినాలో కేప్ ఫియర్ నది నీళ్లు తాగేవాళ్లకు అది తమ నీళ్లలో ఉందని తెలిసేసరికి 2017. మీరు పెనం మీద ‘పీఎఫ్ఓఏ లేనిది’ అని పెద్దక్షరాలతో అచ్చేయించండి. మరి ఉన్నదేమిటని అడిగే గిరాకీ నాకింతవరకూ తగల్లేదు.

గుండె దిటవు చేసుకోవాల్సింది మొత్తం కుటుంబాన్ని ఒకేసారి నిషేధించేవాళ్లతో. 3ఎం సొంత రాష్ట్రం మిన్నెసోటాలోనే ఆ పని జరిగింది. అరుదైన కాలేయ క్యాన్సర్‌తో ఉన్న అమారా స్ట్రాండీ అనే అమ్మాయి చట్టసభకు వచ్చి సాక్ష్యం చెప్పింది. 2023లో 20 ఏళ్లకే పోయింది. చట్టానికి ఆమె పేరే పెట్టారు. కావాలని పీఫాస్ కలిపిన వంటపాత్రలు, సౌందర్య సాధనాలు, పిల్లల వస్తువులు సహా 11 రకాల సరుకుల అమ్మకం 2025 జనవరి 1 నుంచి బంద్. అలాంటి సాక్షి ఎదురైతే ఏం చెయ్యాలో నా సర్వీసులో ఎవరూ నేర్పలేదు. అది వదిలేద్దాం.

ఫ్రాన్సు కథ మనకు పనికొస్తుంది. అక్కడా ఇలాంటి బిల్లే వస్తే, 2024 ఏప్రిల్లో టెఫాల్ పెనాల యాజమాన్యం తన కార్మికులను పారిస్ వీధుల్లోకి దింపింది. గిన్నెలు మోగాయి, ఉద్యోగాలు పోతాయన్నారు. 2025లో చట్టమైతే అయింది. అందులో సౌందర్య సాధనాలున్నాయి, బట్టలున్నాయి, మంచు మీద జారే స్కీలకు పూసే మైనం కూడా ఉంది. పెనాలు లేవు. అంచేత మీ ఫ్యాక్టరీలో జీతం పెంచకపోయినా ఫర్వాలేదు, తలా ఒక గిన్నే, గరిటే సిద్ధంగా ఉంచండి.

యంత్రాలు కొత్తవి కొని డబ్బు తగలెయ్యకండి. ఇటలీలో ట్రిస్సినో ఊరి మిటేని ఫ్యాక్టరీ భూగర్భజలాలను పాడుచేసి 2018లో దివాలా తీసింది. 2025 జూన్‌లో విచెంజా కోర్టు 11 మందికి జైలుశిక్ష వేసింది. యంత్రాలకు మాత్రం ఏ శిక్షా పడలేదు, అవి అంతకు ముందే మహారాష్ట్రలోని లోటే పరశురామ్‌కు చేరాయి. అమెరికా 2024లో తాగునీటిలో పీఎఫ్ఓఏ లీటరుకు నాలుగు నానోగ్రాములు దాటకూడదంది. మనకు అలాంటి బాదరబందీ ఏదీ లేదు. ఐరోపాలో ఇంకెక్కడైనా ఫ్యాక్టరీ మూతపడుతోందేమో వాకబు చేస్తున్నాను, కబురు తెలియగానే రాస్తాను. అడ్వాన్సు సిద్ధం చేసుకోండి.