ఒకటి రెండు చోట్ల: సటీకా తాత్పర్యం

మూలం:

"దక్షిణ ఛత్తీస్‌గఢ్ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు వరకు ఉపరితల ద్రోణి కొనసాగుతున్నది. దీని ప్రభావంతో రాగల 24 గంటల్లో ఒకటి రెండు చోట్ల ఉరుములు మెరుపులతో కూడిన వాన, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, వడగళ్లు పడే అవకాశం ఉన్నది."

అవతారిక: ఈ వాక్యం అపౌరుషేయం. కర్త పేరు ఎక్కడా కనబడదు. 1875లో పుట్టిన వాతావరణ శాఖకు దీన్ని ఆరోపించడం వాడుక. ఏటా ఫాల్గుణ చైత్రాల్లో స్వల్ప పాఠభేదాలతో తెలుగు టీవీలో వినవస్తుంది. శ్రోత దంతెవాడలో కాపురముంటున్న ఒక తెలుగు గృహస్థు. ఇల్లాలు బియ్యప్పిండి ఉడికించి, మేడమీద పాత చీర పరిచి, "ఏమండీ, వడియాలు పెట్టమంటారా, వద్దంటారా?" అని అడిగింది. ఏం చెబితే ఏం ముంచుకొస్తుందో తెలియక ఆయన టీవీ వైపు చెయ్యి చూపించాడు. ఆ వేళకు వచ్చిన వాక్యమిది.

ప్రతిపదార్థం:

దక్షిణ ఛత్తీస్‌గఢ్ నుంచి = మన నెత్తిమీది నుంచి. తెలుగు బులెటిన్లలో ఈ సీమకు దక్కేది అపాదాన కారకం ఒక్కటే. ద్రోణి ఇక్కడ బయల్దేరుతుంది, వానేమో కోస్తాకూ తెలంగాణకూ చెబుతారు. బయల్దేరిన చోట ఏమైనదో తెలియాలంటే రాయపూర్ కేంద్రం వారి హిందీ పాఠం చూసుకోవాలి.

ఉపరితల ద్రోణి = ఎదురెదురు గాలులు ఒరుసుకునే బారైన గాడి. ద్రౌణి కాదు. అశ్వత్థామకు ఇక్కడ ప్రసక్తి లేదు. ఆగ్నేయం నుంచి బంగాళాఖాతపు తేమ ఎగదోసుకు వస్తుంది. పైన పడమటి నుంచి పొడిగా, చల్లగా మరో గాలి. కింద ఎండకు కాగిన నేల. ఈ మూడూ కుదిరిన మధ్యాహ్నం మబ్బు నిలువునా లేస్తుంది. బైలదిల్లా కొండల ఇనుప రాయిని విశాఖ రేవుకు దించడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. ఖనిజం సముద్రానికి దిగుతుంది, తేమ సముద్రం నుంచి కొండకు ఎక్కుతుంది. రెండో రవాణాకు టికెట్టూ లేదు, రాయల్టీ తగాదాలూ లేవు.

రాగల 24 గంటల్లో = శాఖ వారి వాన లెక్కలో రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది. సూర్యోదయంతో గానీ అర్ధరాత్రితో గానీ దానికి పని లేదు. తెల్లవారుజామున 5 గంటలకు కురిసిన వాన నిన్న ఉదయం తెరిచిన ఖాతాలోకి పోతుంది. ఈ సూక్ష్మం పంచాంగకర్తలు కూడా మెచ్చదగినది.

ఒకటి రెండు చోట్ల = ఇది ఈ వాక్యానికి ప్రాణం. మంద వ్యాఖ్యాతలు దీన్ని దాటేసి వడగళ్ల మీదికి ఉరుకుతారు.

ఇచట శంక: ఆ ఒకటి ఏది, రెండోది ఏది? మన మేడ అందులో ఉన్నదా? సమాధానం: ఉన్నదనీ చెప్పరు, లేదనీ చెప్పరు. ఒక ప్రాంతంలోని వానమాన కేంద్రాల్లో నూటికి 25 పాళ్లకు మించకుండా తడిస్తే అది 'ఒకటి రెండు చోట్ల'. 26 నుంచి 50 అయితే 'కొన్ని చోట్ల'. 51 నుంచి 75 అయితే 'అనేక చోట్ల'. ఆ పైన 'దాదాపు అన్ని చోట్ల'. కాబట్టి ఇది సంజ్ఞా శబ్దం, లౌకికార్థం పనికిరాదు. శాఖ తప్పించుకుంటున్నదని గిట్టనివాళ్లు అంటారు. అది పొసగదు. వడగళ్ల మబ్బు ఒక ఊరిని చితక్కొట్టి పక్క ఊరిని ముట్టకుండా పోగలదు. ముందు రోజే ఊరి పేరు చెప్పేవాడు శాస్త్రజ్ఞుడు కాదు, సోదెగాడు. ఇంతకంటే నిజాయతీగల పదం నాకు తోచదు.

అయితే నిజాయతీకి ఒక చిక్కున్నది. ఈ రుతువులో దంతెవాడ పల్లెల్లో ఇప్ప పువ్వు రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకులు ముందే కాల్చి నేల శుభ్రం చేసి ఉంచుతారు. చీకటితోనే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో పోయి, రసంతో బరువైన లేత పసుపు పువ్వుల్ని ఒక్కొక్కటే ఏరుతారు. వాకిట్లో పరిస్తే కొన్ని ఎండలకు ముడుచుకుని ఎర్రబారి, ఆపై కిస్‌మిస్ రంగుకు దిగుతాయి. ఈలోగా జల్లు పడిందా, నల్లబడి బూజు పడతాయి, సంతలో ధర పడిపోతుంది. ఏరే మనిషికి 25 పాళ్లు తడవడం అంటూ ఉండదు. ఆమె వాకిలి తడుస్తుంది, లేదా తడవదు.

అడవి మనుషులు చీమల బారు చూసి వాన చెప్పేస్తారని పత్రికల్లో రాస్తుంటారు. రాసేవాళ్లు చీమల్ని నమ్మి వాకిట్లో ఏమీ ఎండబెట్టి ఉండరు. పువ్వు ఏరే ఆమెది ఉత్త లెక్క: చెట్టు కింద వదిలేస్తే ఎలాగూ పోతుంది, అందుకని ఏరాలి. బులెటిన్ వల్ల మారేది ఎండబెట్టే చోటు మాత్రమే, వాకిలి బదులు వసారా. అక్కడ ఎండడానికి ఎక్కువ రోజులు పడుతుంది. గృహస్థు ఇల్లాలు కూడా ఇదే న్యాయాన్ని అనుసరించి, ఆయన నోరు తెరవకముందే పిండిలో సగానికే వడియాలు పెట్టింది.

వడగళ్లు = ఆకాశం రువ్వే రాళ్లు. పైకి లేచే గాలి నీటి బిందువుల్ని గడ్డకట్టే ఎత్తు దాటించి మోస్తుంది. అక్కడ అవి సున్నా కంటే చల్లబడి కూడా నీళ్లుగానే ఉండి, మంచు పలుకు తగలగానే దాని మీద గడ్డకడతాయి. గాలి మోయలేనంత బరువయ్యాక కింద పడతాయి. పెద్ద రాయిని కోసి చూస్తే తెల్లపొర, గాజుపొర కనబడతాయి. ఉత్తర దేశాల కోస్తాలకు వసంతంలో మంచు తుపాను వస్తే మనకు వచ్చేది ఇదే. 1888 మార్చిలో న్యూయార్క్‌ను మంచు తుపాను పూడ్చింది. అదే ఏడు ఏప్రిల్ 30న మొరాదాబాద్ దగ్గర వడగళ్లకు 246 మంది చనిపోయారు. వడగళ్ల చావుల్లో ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డు ఇప్పటికీ అదే. న్యూజెర్సీలో మనవాళ్లకు మంచు అంగుళాల్లో చెబుతారు. మనకు చోట్లలో చెబుతారు.

అవకాశం ఉన్నది = నూటికి 25 నుంచి 50 పాళ్లు. అంటే రాకపోవడానికే మొగ్గు. శ్రోతలు దీన్ని 'వస్తుంది' అని వింటారు, రాకపోతే శాఖను తిడతారు.

రసం: శాఖ వారు హెచ్చరికకు పసుపు రంగు వేస్తే గమనించమని, నారింజ అయితే సిద్ధంగా ఉండమని, ఎరుపు అయితే కదలమని. భయానకం ఒక్కటే, మూడు పాకాల్లో.

పాఠాంతరం: మూడు గంటలకు మాత్రమే చెల్లే తక్షణ సూచన మరొకటి ఉన్నది. అందులో జిల్లా పేరు చెబుతారు. 'నుంచి' పోయి 'దంతెవాడలో' అని అధికరణం వస్తుంది. ఇది చిన్నదైనా ఉత్తమ పాఠం అని నా మతం. టవరు అందని ఊళ్లకు ఈ ప్రతి అలభ్యం. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ వారి 'దామిని' యాప్ పిడుగుల జాడ చెబుతూ, ఉరిమేటప్పుడు చెట్టు కింద నిలవవద్దంటుంది. ఇప్ప పువ్వు రాలేది చెట్టు కిందే. ఈ విరోధానికి పరిహారం ఏ టీకాకారుడూ రాయలేదు.