స్కిడ్డర్ కొన్నవాడికి తలకిందుల సలహాలు

పోయిన నెలలో న్యూ హాంప్‌షైర్ నుంచి ఒక కుర్రవాడు ఫోన్ చేశాడు. మా తెనాలి వైపు వాడే. ఈమధ్యే కొంత అడవి కొన్నాడు, దాంతోపాటు ఒక పాత కేబుల్ స్కిడ్డర్ కూడా కొన్నాడు. "అన్నా, శనివారం పొద్దున్నే మొదలుపెడదామనుకుంటున్నా. ముందు ఏం చెయ్యాలి?" అన్నాడు.

"శనివారం దుంగ ముట్టుకోకు. ఆ పై శనివారం కూడా" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ఇన్ని డబ్బులు పోసి కొన్నది దుంగలు ఈడ్చడానికే కదా అని వాడి బాధ. నేను వెర్మాంట్‌లో నా అడవిలో పన్నెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదట్లో నాకు దొరికిన సలహాలన్నీ సూటిగానే ఉండేవి: గట్టిగా లాగు, ఎక్కువ కట్టు, ఎండ కాసినప్పుడే పని కానిచ్చుకో. నాకు అక్కరకొచ్చినవి మాత్రం వాటికి తలకిందులవి. అందుకే వాడికి ఫోన్లో చెప్పినవీ, చెప్పకుండా మిగిలినవీ ఇక్కడ రాస్తున్నాను.

ఈ బండి చూడనివాళ్ల కోసం రెండు మాటలు. నరికిన చెట్టును అడవిలోంచి లారీ నిలిచే చోటికి ఈడ్చుకొచ్చేది స్కిడ్డర్. నాలుగూ పెద్ద చక్రాలే. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు పక్కకు తిరగవు, బండే నడుం దగ్గర వంగుతుంది. అక్కడొక పెద్ద కీలు ఉంటుంది. ముందు బ్లేడు, వెనక వించ్, వించ్ డ్రమ్ముకు చుట్టిన ఇనుప మోకు, మోకుకు చోకర్లు. చోకర్ అంటే లాగేకొద్దీ దుంగ మెడకు ఉచ్చులా బిగుసుకునే గొలుసు. జాన్ డీర్ 440 నమూనా 1965లో వచ్చింది. కెనడాలో ఒంటారియోలోని వుడ్‌స్టాక్‌లో తయారైన టింబర్‌జాక్ బండ్లు కూడా ఈ ప్రాంతపు అడవుల్లో నేటికీ కనిపిస్తాయి. వీటికి ముందు ఆ బరువంతా గుర్రాలూ ఎడ్లూ మోశాయి. మన మన్యంలోనూ ఎడ్లే దుంగల్ని ఒడ్డుకు ఈడ్చేవి, అక్కడి నుంచి తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి తోలేవారు. కోడెదూడకు కాడి అలవాటు చేసే రైతు మొదటిరోజే బస్తాల బండి కట్టడు. ఆ ఓపిక ఇనుముతోనూ కావాలి.

సరే, దుంగ ముట్టుకోకుండా రెండు వారాలు ఏం చెయ్యాలి? బండి కిందా మీదా పాకాలి. అమ్మినవాడు "ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది" అని చూపించి ఉంటాడు. స్టార్టవడం సరే, ఆగుతుందో లేదో చూడు. చిన్న వాలు మీద బ్రేకు పట్టుకుంటుందా? బ్లేడు ఎత్తి ఇంజను ఆపితే తనంతట తాను దిగజారుతుందా? వించ్ బ్రేకు బరువును నిలుపుతుందా? నడుం దగ్గరి కీలులో పిన్నులూ బుష్‌లూ ఎంత అరిగాయో తెలియాలంటే, బ్లేడును నేలకు అదిమి బండి ముందుభాగాన్ని కొద్దిగా లేపాలి. కీలు దగ్గర కదలిక కంటికే కనిపిస్తుంది. చూసే మనిషి మాత్రం దూరంగా నిలబడాలి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఉన్న ఆ సందులో, ఇంజను నడుస్తుండగా ఎవ్వరూ ఉండకూడదు. స్టీరింగు కాస్త కదిలితే చాలు, ఆ సందు మూసుకుపోతుంది. అక్కడ గ్రీజు కొట్టాలంటే ఇంజను ఆపి, బ్లేడు దింపి, నడుం వంగకుండా ఆపే లాకు కడ్డీ పెట్టి, అప్పుడు చెయ్యి పెట్టు. లాకు కడ్డీ పోయిందని చెప్తే, మిగతా రిపేర్లన్నీ పక్కనబెట్టి అది ముందు చేయించు.

హైడ్రాలిక్ పైపు కారుతున్నట్టు అనిపిస్తే చేత్తో తడమకు, అట్టముక్క అడ్డం పెట్టి చూడు. సూదిమొన అంత రంధ్రంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది. అలా జరిగితే నొప్పి ఉన్నా లేకపోయినా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండో వారం బండి తాళం ఇంట్లో పెట్టి, రంగు రిబ్బన్ చుట్ట పట్టుకుని అడవిలో నడువు. ఏ చెట్టు పడాలో తర్వాత, దారి ఎక్కడో ముందు. వాలుకు అడ్డంగా దారి వెయ్యకు, ఎక్కినా దిగినా నిటారుగానే. ఊటనేల ఎక్కడుందో పాదాలకు తెలియాలి. పొలం చేసిన ఇంట్లోంచి వచ్చినవాళ్లకు ఇక్కడో సందేహం వస్తుంది. ఒకే బాటలో తిరిగితే నేల గట్టిపడి చస్తుంది కదా, మార్చి మార్చి తిరిగితే మంచిది కదా అని. నేనూ మొదటి ఏడు అలాగే చేశాను, అది పొరపాటు. నేల అణిగేదంతా చాలావరకు మొదటి కొద్దిసార్ల రాకపోకల్లోనే అణిగిపోతుంది. మార్చి మార్చి తిరిగితే అడవి మొత్తాన్ని తొక్కినట్టే. ఒక్క బాటనే ఎంచుకో, చెట్ల కొమ్మా రెమ్మా దాని మీదే పరుచు, ఆ బాటనే అరగదీయి.

మలుపు దగ్గర ఏదో వంకర చెట్టు ఉంటుంది. అడ్డంగా ఉంది కదా అని ముందు దాన్నే కొట్టాలనిపిస్తుంది. ఉంచు. దుంగలు మలుపు తిరిగేటప్పుడు ఒరుసుకునేది దానికే. అది దెబ్బలు తింటుంది, దాని వెనకున్న మంచి చెట్టు బెరడు దక్కుతుంది. పనంతా అయ్యాక చివరిగా దాన్ని కొట్టు.

ఇక దుంగ కట్టే రోజు వచ్చిందనుకో. ఆ రోజు నువ్వు నేర్చుకోవలసింది దుంగను వదలడం. ఇంజను శక్తి గురించీ టైర్ల గురించీ అందరూ చెప్తారు, వదిలేసే మీట గురించి చెప్పినవాళ్లు నాకు తక్కువ. వించ్‌ను ఫ్రీ స్పూల్‌లో పెడితే డ్రమ్ము వదులవుతుంది. మోకు దానంతటది బయటికి జారుతుంది, దుంగలు ఉన్నచోటే ఉండిపోతాయి, బండి ఒక్కటే ముందుకు పోతుంది. బురద దాటి గట్టినేల మీదికి వచ్చాక బండిని దుంగలకు వరసగా నిలిపి, బ్లేడు దింపి, మోకు చుట్టుకుంటూ వాటిని నీ దగ్గరికి లాక్కో. కేబుల్ స్కిడ్డర్‌లో అసలు గొప్పతనం ఇదే. బురదలో దిగబడ్డప్పుడు, ఎత్తు ఎక్కలేకపోతున్నప్పుడు, దిగుడులో దుంగలు వెనకనుంచి తోస్తున్నప్పుడు, దుంగ మొదలు ఏ మోడుకో తగులుకున్నప్పుడు, అన్నిటికీ మొదటి మందు వదలడమే. డ్రమ్ము మీద మూడు నాలుగు చుట్లు మిగిలేలా మాత్రం చూసుకో.

రెండో ఏడు నవంబరులో పక్కవాలు మీద ఒక పచ్చ బర్చ్ దుంగ ఈడుస్తున్నాను. నిటారుగా దిగాల్సింది, నాలుగడుగులు కలిసొస్తాయని అడ్డం పడ్డాను. దుంగ మొదలు ఒక మోడు వెనక ఇరుక్కుంది. మోకు పక్కనుంచి బిగిసింది. ఎగువ చక్రాలు నేల వదలడం సీటుకు తెలిసింది. నా చెయ్యి అప్పుడు పోయింది యాక్సిలరేటరు మీదికి. వదిలే మీట జానెడు దూరంలో ఉంది, అది గుర్తుకే రాలేదు. చోకర్ జారి దుంగ ఊడిపోబట్టి బండి మళ్లీ నాలుగు కాళ్ల మీద కూలబడింది. ఇంజను ఆపి ఒక బండరాయి మీద చాలాసేపు కూర్చున్నాను. నాది ఆరేడు టన్నుల బండి. ఇంట్లో పిల్లలు బడి నుంచి వచ్చే వేళ.

మర్నాటి నుంచి చదును నేల మీద ఒకే ఒక చిన్న దుంగ కట్టి, నడుస్తూ నడుస్తూ వదలడం సాధన చేశాను. వారం రోజులు, రోజుకు ఇరవైసార్లు. కంటితో వెతక్కుండా చెయ్యి మీట మీదికి పోయేదాకా. నీ బండిలో ఆ మీట మరో చోట ఉంటుంది, కాబట్టి నీ బండి మీదే నేర్చుకోవాలి. తమ్ముడూ, ఈ వ్యాసంలో మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి చెయ్యి.

సీటు బెల్టు గురించి కూడా అప్పుడే బుద్ధి వచ్చింది. "ఒరిగితే అటువైపు దూకెయ్" అని అడవిలో చాలామంది చెప్తారు. వినకు. దూకినవాడి మీదే బండి పడుతుంది. నీ చుట్టూ ఉన్న ఇనుప పంజరం బండి దొర్లినా నలగకుండా కట్టింది, అది కాపాడేది లోపల కట్టుకుని కూర్చున్నవాడినే. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన ప్రకారం 1995 ఫిబ్రవరి 9 తర్వాత వాడకంలోకి వచ్చిన స్కిడ్డర్లకు ఈ పంజరం తప్పనిసరి. నీ బండి అంతకంటే పాతదై పంజరం లేకపోతే, దాన్ని వాలు మీదికి తీసుకెళ్లకు.

బరువు విషయంలో చెప్పడానికి ఎక్కువ లేదు. నాలుగు చోకర్లుంటే మొదటి నెల రెండే వాడు. మొదలువైపు కట్టు, కొసవైపు కాదు. మోకు బిగిసినప్పుడు దాని పక్కన, వంపు లోపల ఎవరూ ఉండకూడదు. తెగిన తీగల ముళ్లు లేచి ఉంటాయి, తోలు చేతి తొడుగులు తియ్యకు.

కాలం మాట చెప్పాలి. మంచు కరిగి, గాలి వెచ్చబడి, పక్షులు కూసే ఏప్రిల్ మే నెలల్లో అడవిలోకి వెళ్లాలని ఎవరికైనా ఉంటుంది. ఆ నెలల్లో వెళ్లకు. వెర్మాంట్‌లో దాన్ని బురదకాలం అంటారు, ఊళ్లవాళ్లు మట్టిరోడ్ల మీద బరువు బండ్లు రాకుండా బోర్డులు పెడతారు. నేల మీద గాడి పడితే ఆ గాడే వాన కాలువ అవుతుంది, మన్ను వాగులో కలుస్తుంది. అంతకంటే నన్ను బాధపెట్టేది బెరడు సంగతి. వసంతంలో చెట్టు రసం మీద ఉంటుంది, బెరడు వదులుగా ఉంటుంది, దుంగ కాస్త ఒరుసుకుంటే చాలు, పండు తొక్కలా ఊడివస్తుంది. నా మొదటి మే నెలలో ఒక వరుసలో ఆరు షుగర్ మేపుల్ చెట్లకు మోకాలెత్తున బెరడు లేకుండా చేశాను. ఇప్పటికీ ఆ మచ్చల మీద చెట్టు అంచులనుంచి కొత్త బెరడు మూసుకుంటూ వస్తోంది, నడిమధ్య కలప పుచ్చుతోంది. ఆ దారిలో నడిచినప్పుడల్లా వాటి మీద చెయ్యి వేసి వెళ్తాను. అందుకని చేతులు కొంకర్లు పోయే జనవరిని ఎంచుకో. నేల రాయిలా గడ్డకట్టి ఉంటుంది, బెరడు అంటుకుని ఉంటుంది, మంచు మీద దుంగ తేలిగ్గా జారుతుంది.

బండికి పెట్టిన డబ్బు అయిపోయిందని శిక్షణ వాయిదా వెయ్యకు. స్వీడన్‌కు చెందిన సోరెన్ ఎరిక్సన్ రూపొందించిన 'గేమ్ ఆఫ్ లాగింగ్' పాఠాలు ఈ ప్రాంతంలో చాలాచోట్ల చెప్తారు. రంపం పట్టడం, చెట్టును అనుకున్నవైపు పడవెయ్యడం అక్కడ నేర్పుతారు. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2022లో చెట్లు కొట్టే పనివాళ్లలో లక్షకు 100.7 మంది పనిలో చనిపోయారు. అన్ని వృత్తులూ కలిపి చూస్తే ఆ సంఖ్య 3.7. ఒంటరిగా వెళ్లకు. ఎవరూ తోడు రాని రోజు రిబ్బన్లు కట్టుకో, గ్రీజు కొట్టుకో.

చివరిది, పని ఆపడం. మూడు గంటలకు ఆపెయ్, ఇంకో రెండు దుంగలు మిగిలినా సరే. బ్లేడు నేలకు దించు, బ్రేకు వెయ్యి, ఇంజను ఆపు. ఇంజను చుట్టూ, అడుగు రేకు మీదా చేరిన ఎండాకులూ పుల్లలూ బెరడుపొట్టూ చేత్తో లాగెయ్. నూనె తడిసిన ఆ చెత్త వేడి ఇనుము పక్కన మెల్లగా రాజుకుంటుంది, నువ్వు ఇంటికి వెళ్లాక మంట లేస్తుంది. మంటలు ఆర్పే డబ్బా సీటు దగ్గర ఉందో లేదో చూసుకుని, ఫ్లాస్కులో మిగిలిన టీ పోసుకుని ఏ మోడు మీదో కూర్చో. అరగంట. పొగ వాసన రాకపోతే ఇంటికి వెళ్లు.