వీసా అడిగారు, రాడ్డు అడగలేదు

చిల్కూరు బాలాజీ గుడిలో హుండీ ఉండదు, వీఐపీ లైను ఉండదు. కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, అది తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలో అంకెల కార్డు, పెన్ను. ఇంత నిక్కచ్చిగా నడిచే కౌంటరు అమెరికన్ కాన్సులేట్‌లో కూడా ఉండదు. ఉస్మాన్‌సాగర్ ఒడ్డున కూర్చున్న ఆ స్వామి జనం ఏది అడిగితే అదే ఇస్తాడని పేరు. స్టూడెంట్ వీసా అడిగారు, ఇచ్చాడు. హెచ్‌వన్‌బీ అడిగారు, ఇచ్చాడు. గ్రీన్‌కార్డు అడిగినవాళ్లను కొన్నేళ్లు ఆగమన్నాడు, అంతే. ఇన్ని వేల చుట్లలో ఎవరూ అడగని వస్తువు ఒకటుంది: అమ్మా నాన్నల బాత్రూం గోడకు, పట్టుకుని లేవడానికి ఒక స్టీలు రాడ్డు. అడగలేదు, ఆయన ఇవ్వలేదు. ఇందులో ఆయన తప్పేమీ లేదు.

వీసా వచ్చిన కొడుకు తల్లిదండ్రులను మరిచిపోతాడంటే నేనొప్పుకోను. మరవడు. ఇల్లు కట్టిస్తాడు. మొయినాబాద్ వైపో, చేవెళ్ల వైపో, పచ్చగా, గాలి వచ్చేలా. పాత ఇంట్లో తాండూరు బండలు ఉండేవి, కాస్త గరుకుగా, పాదానికి పట్టు దొరికేలా. అవి నామోషీ. కొత్త ఇంట్లో నేల అద్దంలా మెరవాలి. ముఖం కనపడాలని మేస్త్రీకి చెప్పి మరీ వేయిస్తారు. కనపడుతుంది కూడా. పడ్డాక మరీ దగ్గర్నుంచి కనపడుతుంది.

ఆ ఇంటికి ప్లాను గీసేది ఇంజనీరు, దిద్దేది వాస్తు పండితుడు. పెద్దవాళ్ల పడక నైరుతిలో ఉండాలి, మరుగుదొడ్డి వాయవ్యంలో ఉండాలి. దిక్కులు చల్లబడ్డాయి. డెబ్బై అయిదేళ్ల పెద్దాయన మాత్రం రాత్రి రెండు మూడుసార్లు నైరుతి నుంచి వాయవ్యానికి యాత్ర చేయాలి. దారిలో లైటు స్విచ్చు తలుపు అవతల ఉంటుంది. బాత్రూం ముందు ఒక మెట్టు ఉంటుంది, దానిమీద మనవరాలు పంపిన జారే పట్టా ఉంటుంది. లోపల గడియ వేసుకుంటాడు. పడితే ఆ గడియ తీయడానికి వడ్రంగి రావాలి.

కొడుకుకు భయం లేదనుకోకండి. ఉంది. అందుకే కెమెరాలు పెట్టించాడు, హాల్లో రెండు, వాకిట్లో ఒకటి. పడితే కనిపెట్టే గడియారం కూడా చేతికి పెట్టుకోమని కొన్నాడు. బాత్రూంలో కెమెరా పెట్టలేరు, పెట్టకూడదు. స్నానానికి వెళ్లేటప్పుడు పెద్దాయన ఆ గడియారం తీసి టీవీ మీద పెడతాడు, ఖరీదైంది తడుస్తుందని. కాబట్టి మన నిఘా అంతా ఆయన పడని చోటునే కాపలా కాస్తోంది.

ఇన్ని చేశాక కూడా పడితే? సమాధానం సిద్ధంగా ఉంటుంది: వయసు మీద పడింది, పడక ఏం చేస్తారు? ఇంకాస్త చదువుకున్నవాళ్లు శని దశ అంటారు. 2023 డిసెంబర్ 7 రాత్రి కేసీఆర్ ఎర్రవల్లి ఇంట్లో బాత్రూంలో పడ్డారు. ఎడమ తుంటి విరిగింది. మర్నాడు సోమాజిగూడ యశోదలో తుంటి మార్పిడి చేశారు. ఎన్నికల ఫలితాలొచ్చి నాలుగు రోజులే అయింది కాబట్టి, గ్రహాల గురించి, గద్దెల గురించి మాట్లాడినవాళ్లకు కొదవ లేదు. ఆ బాత్రూం నేల ఎలాంటిదని, పక్కన పట్టుకోవడానికి ఏముందని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. చుట్టూ కాపలా ఉన్న మాజీ ముఖ్యమంత్రికే తప్పనిది మనకు తప్పుతుందా అని నిట్టూర్చి, అందరూ తమ తమ నున్నటి బాత్రూముల్లోకి వెళ్లిపోయారు.

పడి చనిపోయేవారు ప్రపంచంలో ఏటా 6,84,000 మంది ఉంటారని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. ప్రమాద మరణాల్లో రోడ్ల తర్వాతి స్థానం దీనిదే. బీజాపూర్ రోడ్డు మీద ప్రమాదం జరిగితే చేవెళ్లలో రాస్తారోకో జరుగుతుంది, మంత్రి వస్తాడు. బాత్రూం ముందు ధర్నా చేసినవాడు లేడు. అక్కడ డ్రైవరు కూడా మనమే, కాంట్రాక్టరు కూడా మనమే కదా!

వయసైతే పడక తప్పదన్న మాటను శాస్త్రం 108 సార్లు పరీక్షించింది. అతిశయోక్తి కాదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ 2019లో సొంత ఇళ్లలో ఉండే పెద్దల మీద జరిగిన సరిగ్గా 108 ప్రయోగాలను పరిశీలించింది. 25 దేశాలు, 23 వేల పైచిలుకు మనుషులు. వ్యాయామం చేసినవాళ్లలో పడటం 23 శాతం తగ్గింది. 108 అంకె చూసి భక్తులు మురిసిపోవచ్చు. ఇంకేం, గుడి చుట్టూ తిరిగితే చాలు, అదే ఎక్సర్‌సైజు అనేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. పిల్లల మొక్కు తీర్చడానికి మోకాళ్లు పట్టుకుని తిరిగే తల్లులకు ఈ మాట చెప్పి పంపుతారు కూడా. స్వామికి దండమే, కానీ ఆ లెక్కల్లో పనిచేసిందని తేలింది తూలకుండా నిలబడే సాధన, కాళ్లకు బలమిచ్చే సాధన: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనించి అడుగులేయడం, గట్టు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడటం. ఉత్త నడక వల్ల తగ్గుతుందని మాత్రం తేలలేదు. అదే సంస్థ 2023లో ఇళ్ల సంగతీ చూసింది. జారే పట్టా తీసేసి, లైటు పెట్టి, రాడ్డు బిగిస్తే పడటం 26 శాతం తగ్గింది. ఇప్పటికే పడినవాళ్లలాంటి ముప్పు ఎక్కువున్న పెద్దల్లో అయితే 38 శాతం. గ్రహశాంతికి ఈపాటి లెక్క ఎవరైనా చూపిస్తే ఆ పూజా సామగ్రి ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఆర్‌ఎంపీ రాసిచ్చిన నిద్రమాత్ర, లేచీ లేవగానే కళ్లు తిరిగేలా చేసే బీపీ గోళీ, ముదిరిన శుక్లం కూడా నిందితులే. వీటిని డాక్టరు ముందు పెట్టి అడగాలి. మనం అడిగేది ఒక్కటే: కాల్షియం రాయండి సార్.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది మన ప్రేమను చూస్తే. అమ్మ ఒకసారి జారిందని తెలిస్తే చాలు, న్యూజెర్సీ నుంచి ఉత్తర్వులు జారీ అవుతాయి. అమ్మా, నువ్వు లేవొద్దు. అమ్మా, వంటింట్లోకి పోవొద్దు. పనమ్మాయి అన్నీ చేతికందిస్తుంది. చేవెళ్ల చేలల్లో కూరగాయలు తెంపి గంప నెత్తిన పెట్టుకుని నడిచిన మనిషిని సోఫాలో కూర్చోబెట్టి సీరియల్ చూపిస్తాం. కూర్చుంటే తొడల్లో బలం పోతుంది, బలం పోతే మళ్లీ పడుతుంది, పడితే మళ్లీ కూర్చోబెడతాం. ఈ సంగతి అవ్వకు మనకంటే ముందే తెలుసు. అందుకే రెండోసారి పడితే చెప్పదు. చేతిమీద కమిలిన మచ్చేందే అంటే, "ఏం గాలె బిడ్డా, జర తలుపు తాకింది" అంటుంది. అవ్వకూ తనవంతు పట్టుదల ఉంది లెండి. కట్టె పట్టుకోమంటే, "ముసలిదాన్నైననా నేను?" అని ఎగురుతుంది. ఎనభై దాటాయి.

ఎప్పుడో ఒకప్పుడు రాడ్డు గుర్తొస్తుంది, సాధారణంగా మొదటి ఆపరేషన్ అయ్యాక. ప్లంబర్ వస్తాడు. గోడను వేలితో తట్టి చూస్తాడు. "డ్రిల్లు పెడితే టైలు పగుల్తది సార్, నాది జిమ్మేదారి కాదు" అంటాడు. వీడియో కాల్‌లో కొడుక్కి గోడ చూపిస్తారు. ఆ డిజైను ఇప్పుడు మార్కెట్లో రావడం లేదని కొడుకు కంగారు పడతాడు. ప్లంబర్ వచ్చినందుకు రెండొందలు తీసుకుని వెళ్లిపోతాడు. కొడుకు ఆ రాత్రే ఆన్‌లైన్‌లో గోడకు గాలిపట్టుతో అతుక్కునే రబ్బరు హ్యాండిల్ పంపిస్తాడు. దానికి మనిషి బరువు ఆగదు. తువ్వాలు ఆరేసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.