బిర్యానీ ఖర్చు లేని సిండికేటు

సిండికేటు కట్టడం ఎంత కష్టమో టెండర్ల సంగతి తెలిసినవాళ్లను అడగండి. లాడ్జిలో రూము తీయాలి. బిర్యానీలు, సీసాలు తెప్పించాలి. ఏ పని ఎవరికి, మిగతావాళ్ల వాటా ఎంత అన్నది తేల్చాలి. ఇంతా చేసి అందరూ రింగయ్యాక, తెల్లారేసరికి ఒకడు మాట తప్పి లెస్సుకు వేసేస్తాడు.

గేమ్ థియరీకి ఈ మాట తప్పేవాడంటే ప్రాణం. 1950లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో గణితవేత్తలు ఫ్లడ్, డ్రెషర్ ఈ చిక్కును పట్టుకుంటే, ఆల్బర్ట్ టక్కర్ దానికి ఇద్దరు ఖైదీల కథ తొడిగాడు. ఇద్దరూ నోరు మూసుకుంటే ఇద్దరికీ మేలే. కానీ ఎదుటివాడు ఎక్కడ కక్కేస్తాడోనని ఇద్దరూ కక్కేస్తారు. అమ్మేవాళ్ల మధ్య ఈ అపనమ్మకం ఉండబట్టే కొనేవాడు ఇన్నాళ్లూ బతికి బట్టకట్టాడు.

ఆ చిక్కును కృత్రిమ మేధ విప్పేసింది. చప్పట్లు కొట్టండి! (మధ్యలో పేకాటా నేర్చుకుంది. 2017లో పిట్స్‌బర్గ్ క్యాసినోలో లిబ్రాటస్ అనే ప్రోగ్రాము నలుగురు ఆరితేరిన పోకర్ ఆటగాళ్లను 20 రోజులు కూర్చోబెట్టి చిత్తు చేసింది. పోయినవి ఉత్త చిప్పులే కాబట్టి ఎవరి కొంపా మునగలేదు.)

కొంపలు మునిగే ఆట వేరే ఉంది. ఇటలీలోని బొలోన్యా ఆర్థికవేత్తలు నలుగురు కంప్యూటర్లోనే ఓ బజారు పెట్టి, ధరలు వేసే పని నేర్చుకునే ప్రోగ్రాములకు అప్పజెప్పారు. ఆ ముచ్చట 2020లో అచ్చయింది. కుమ్మక్కవమని ఎవరూ చెప్పలేదు, మాట్లాడుకునే దారీ లేదు. అయినా ధరలు పోటీలో ఉండాల్సిన చోటికి దిగకుండా పైనే కుదురుకున్నాయి. ఒకదాని చేత బలవంతంగా రేటు తగ్గించి చూశారు. రెండోది వెంటనే తన రేటూ కోసి దానికి వాత పెట్టింది. బుద్ధి వచ్చాక రెండూ మెట్టు మెట్టుగా మళ్లీ పైకెక్కాయి. లాడ్జి రూములో పెద్దమనుషులకు ఎప్పుడైనా వచ్చిందా ఇంత క్రమశిక్షణ?

వీటి తాతలు మొద్దులు. 2011లో అమెజాన్‌లో ఈగ ఎదుగుదల మీద రాసిన ఓ శాస్త్ర పుస్తకానికి ఇద్దరు అమ్మకందార్ల ప్రోగ్రాములు రేటు కట్టాయి. ఒకటి ఎదుటిదాని రేటుకు 1.27 రెట్లు పెట్టేది, రెండోది దానికంటే పిసరంత తగ్గించేది. అలా ఎగబాకి ఎగబాకి పుస్తకం ఖరీదు 2 కోట్ల 36 లక్షల డాలర్లు దాటింది. జనం నవ్వి వదిలేశారు. ఇప్పటివి ఆ పొరపాటు చేయవు. మనం నవ్వేదానికి ఒక్క రూపాయి ఇవతలే ఆగుతాయి.

ఇక చట్టం. దానికి ఒప్పందం కావాలి, సంతకం కాకపోతే కనీసం గుసగుస అయినా కావాలి. ఓలా, ఊబర్ కిరాయిలను అల్గారిథమ్ ఒక్కటే తేలుస్తోంది, డ్రైవర్ల మధ్య పోటీ లేదని ఫిర్యాదు వెళితే, డ్రైవర్లు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందమేదీ లేదని కాంపిటీషన్ కమిషన్ 2018లో కొట్టేసింది. 2020లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. చట్టం అక్షరాన్ని బట్టి చూస్తే తప్పనలేం. అది వెతికేది లాడ్జి రూము కోసం. రూమే తీయనివాళ్లను ఎక్కడని పట్టుకుంటుంది?

అమెరికా న్యాయశాఖ కాస్త తెలివి తెచ్చుకుని 2024 ఆగస్టులో రియల్‌పేజ్ అనే అద్దెల సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద కేసు వేసింది. పోటీ పడాల్సిన అపార్ట్‌మెంట్ల ఓనర్లు తమ లోపలి లెక్కలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌కు చెప్పుకుంటే, ఎంత అద్దె పెట్టాలో అది అందరికీ సలహా ఇస్తోందని ఆరోపణ. అందరిళ్ల గుట్టూ తెలిసిన పెళ్లిళ్ల పేరయ్యే కట్నాల రేటు కూడా ఖరారు చేసినట్టు! ఆ కంపెనీ ఉన్నది డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో. ఆ చుట్టుపక్కల అద్దెకు దిగిన మన తెలుగు పిల్లలు లీజు రెన్యువల్ కాగితం రాగానే ఆఫీసుకెళ్లి బేరమాడబోతారు. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ, మా చేతుల్లో ఏం లేదండీ, సిస్టమ్‌లో ఇంతే చూపిస్తోంది అంటుంది.

కొనేవాళ్ల తరఫున బేరమాడిపెట్టే యంత్రాలూ బజారులోకి వస్తున్నాయి. వాటి నెల చందా ఎంతో ఏ యంత్రం తేలుస్తోందో కాస్త కనుక్కుని మరీ కట్టండి.